నాలుక సాక్ష్యం

"చేదు," అన్నాడు ఇంజినీరు ఒబాండో.

అని బకెట్‌లో ఉమ్మేశాడు. బ్రోకలీ కాడ నుంచి నాణెమంత ముక్క కొయ్యడం, నోట్లో వేసుకోవడం, నాలుగుసార్లు నమలడం, ఉమ్మడం. అతని ఉద్యోగం అంతే. ఆ నాలుగు నమళ్ళకి బ్రోకలీ ఎగుమతి చేసే కంపెనీవాళ్ళు అతనికి బల్ల, కుర్చీ, గొడుగు, తెల్లచొక్కా ఇచ్చారు.

ఎవులాలియా షికాయ్ కదలకుండా నిలబడింది. ఆమె ముందు పద్దెనిమిది క్రేట్లున్నాయి. మంచు ఆరకముందే ఒక్కొక్క పువ్వూ జానెడు కాడతో కోసింది. పక్కాకులు విరిచి, అవే ఆకులు క్రేటు అడుగున పరిచి, పైన తడి గోనె కప్పింది. నుదుటికి పట్టీ వేసుకుని, రెండేసి క్రేట్లు వీపున మోసుకుంటూ తొమ్మిదిసార్లు కొండ దిగింది. పట్టీ ఒరుసుకున్న గీత నుదుటిమీద ఇంకా ఎర్రగా ఉంది.

"ఇంకోటి కోసి చూడండి ఇంజినీరు గారూ," అంది. "అడుగు క్రేటులోది."

"ఎందుకు మరియా? పైనది చేదైతే కిందది చక్కెర పాకమా?"

ఆమె పేరు మరియా కాదు. క్రేట్లతో నిలబడ్డ ఆ వరసలో ఎవరి పేరూ మరియా కాదు. నేత రవిక వేసుకున్న ఆడది ఎవరొచ్చినా అతనికి మరియానే. మొగాళ్ళని మాత్రం "ఏయ్" అనేవాడు.

"మీకెన్నిసార్లు చెప్పాలి?" ఒబాండో కుర్చీలో వెనక్కి వాలాడు. ఉపన్యాసం మొదలవబోతోందని వరసలో అందరికీ తెలిసింది. ఎవరో క్రేటు దించుకుని దానిమీద కూర్చున్నారు. "ఇది క్యాబేజీ జాతి. పురుగు కొరికినా, నీళ్ళు చాలకపోయినా, ఎండ మాడ్చినా, తనని తాను కాపాడుకోడానికి లోపల ఒక చేదు సరుకు తయారుచేసుకుంటుంది. గంధకం ఉంటుంది అందులో. గ్లూకోసినోలేట్ అంటారు. అను చూద్దాం."

ఎవులాలియా అనలేదు.

"అనలేవులే. మొక్కకున్న తెలివి కూడా లేదు మీకు. దానికి తెలుసు ఎప్పుడు చేదెక్కాలో. మీకు తెలీదు ఎప్పుడు నీళ్ళు పెట్టాలో. కార్డియ్యి."

కార్డిచ్చింది. బస్సు కండక్టరు చేతిలో ఉండేలాంటి చిన్న ఇనప పట్టకారుతో అతను కార్డు అంచుని నొక్కాడు. టక్. రెండో చిల్లు. మూడో చిల్లు పడితే కార్డు పోతుంది. కార్డున్న వాళ్ళకే నారు, కార్డున్న వాళ్ళకే ఈ గేటు. కార్డు పోయిన లోరెన్సో ఇప్పుడు కొండ కింద టైర్ల షాపులో గాలి కొడుతున్నాడు. అతని పొలంలో గొర్రెలు మేస్తున్నాయి.

"వచ్చే సోమవారం మేనేజరమ్మ వస్తుంది," అన్నాడు ఒబాండో, కార్డు బల్లమీదికి విసిరి. "అప్పుడూ ఇదే చెత్త తెస్తే ఆవిడ ముందే కొడతాను మూడోది." వరస వైపు చెయ్యి ఊపాడు. "తర్వాత."

గేటు బయట, ఊరివాళ్ళు గౌరవంగా డాన్ అనే దళారీ అమిల్కర్ ఎర్ర ట్రక్కు ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. చేదన్న సరుకుని మూడోవంతు ధరకి కొనే ధర్మాత్ముడు అతనొక్కడే. అతను కొన్న చేదు సాయంత్రం అయిదయ్యేసరికి ఎలాగో తీపెక్కి, వెనక గేటులోంచి లోపలికి పోతుంది. ఈ సంగతి ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. అయితే ఏం? చేదు అన్నది ఒబాండో నోరు. ఒకరి నోట్లో రుచికి ఇంకొకరు సాక్ష్యం ఎలా చెబుతారు?

"అయ్యో పాపం, మళ్ళీనా డోన్యా లాలా?" అన్నాడు అమిల్కర్ ఎవులాలియాని ముద్దుపేరుతో పిలుస్తూ, ట్రక్కు తలుపుకి ఆనుకుని కమలాపండు వొలుస్తూ. "దించండి, దించండి. నేనుండగా మీకేం భయం."

ఎవులాలియా అతని మొహం చూడకుండా క్రేట్లు ఎక్కించింది. పక్కన ఆమె ఆడపడుచు తొమాసా సాయం పట్టింది. తొమాసాకి మనిషి సగం, నోరు సగం.

"వదినా, ఈయన్ని చూస్తే నాకు మా తాత చెప్పిన గద్ద గుర్తొస్తది," అంది అమిల్కర్‌కి వినపడేలా. "కోడి చస్తే ఏడుపు మొదట దానిదేనంట."

అమిల్కర్ నవ్వాడు. కమలాపండు తొన ఒకటి ఆమెకి ఇవ్వబోయాడు. తొమాసా తీసుకుని ట్రక్కు చక్రం కింద వేసింది.

శుక్రవారం తొమాసా ఇంట్లో విందు. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల కాలంలో ఒక్కో శుక్రవారం ఒక్కో ఇల్లు వీధంతటికీ రొట్టె, తెల్లావ కూర పెట్టాలి. తెల్లావ అంటే పొలం గట్లమీద దానంతటదే మొలిచే మొక్క. ఆవకి చెల్లెలు, క్యాబేజీకి పినతల్లి బిడ్డ. పూలతో సహా తుంచుకొచ్చి ఉడకేస్తారు. ఇంజినీరుని పిలవడం తొమాసాకి ఇష్టం లేదు. కానీ రొట్టెల పిండి ఈసారి కంపెనీ ఇచ్చింది. పిండి ఇచ్చినవాడు తలమీద కూర్చుంటాడు. ఒబాండోని ముందువరసలో, గుడ్డ పరిచిన బల్లదగ్గర కూర్చోబెట్టారు.

కూర వండింది తొమాసా కొత్తకోడలు దెల్ఫీనా. సముద్రం వైపు పిల్ల. చెరుకు తోటల మధ్య పెరిగింది. చేపలు కాల్చమంటే కళ్ళు మూసుకుని కాలుస్తుంది. తెల్లావని చూడటం ఇదే మొదలు. అత్త గుడికి వెళ్ళి వచ్చేలోపు ఒంటిచేత్తో చేసి మెప్పించాలనుకుంది పాపం.

పళ్ళేలు తిరిగాయి. పాతిక మంది ఒకేసారి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

పెద్దాయన ఒకడు నోట్లోది మింగలేక, ఉమ్మలేక, కళ్ళ నీళ్ళతో తలుపు వైపు చూశాడు. ఎవరో దగ్గారు. ఒక ముసలామె మర్యాదగా రొట్టె ముక్క నోటికి అడ్డం పెట్టుకుని, ముద్దని రొట్టెలోకి దాచేసింది. ఎవులాలియా నాలుక వెనక భాగం బిగుసుకుపోయింది. కాకరకాయ రసం నోట్లో పోసి నోరు కుట్టేసినట్టుంది.

తొమాసా వంటింట్లోకి పరిగెత్తింది. వెనకే ఎవులాలియా.

"మొదటి నీళ్ళు పారబోశావా?" అంది తొమాసా కోడలితో.

"ఏ నీళ్ళత్తా?"

"ఒకసారి పొంగొచ్చాక ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళు పొయ్యాలి. పారబోశావా లేదా?"

"పారబోస్తే బలం పోతుంది కదా అని..." దెల్ఫీనా గొంతు సన్నబడిపోయింది. "అందులోనే ఉడకేశాను."

తొమాసా నుదురు కొట్టుకుంది. "ఊరి మొత్తానికి పేగులు కడిగేశావే తల్లీ. ఈ ఏడాదికి మనకి పాపాలు లేవు."

దెల్ఫీనా ఏడుపు మొదలుపెట్టింది. ఎవులాలియా ఆ పిల్ల భుజంమీద చెయ్యి వేసి, తలుపు సందులోంచి బయటికి చూసింది. పళ్ళేలన్నీ నేలమీద ఉన్నాయి. అందరూ ఉత్త రొట్టె నములుతున్నారు.

ఒక్క ఒబాండో తప్ప. అతను తింటున్నాడు. రొట్టె విరిచి, కూర అద్దుకుని, పెద్ద పెద్ద ముద్దలు. మొహంలో ఒక్క ముడత లేదు. పళ్ళెం ఖాళీ చేసి, వేలితో అంచు తుడిచి ఆ వేలు నాకాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి పళ్ళెం పైకెత్తాడు.

"మరియా! ఇంకొంచెం."

"మర్యాదకి తింటున్నాడేమో," అంది దెల్ఫీనా ముక్కు ఎగబీలుస్తూ.

వదినా ఆడపడుచూ మొహమొహాలు చూసుకున్నారు.

"మర్యాదా?" అంది తొమాసా. "వాడికా?"

ఎవులాలియా మట్టికుండలో అడుగున మిగిలిన నీళ్ళు చూసింది. ముదురు ఆకుపచ్చగా, నురగతో ఉన్నాయి. కూర సగం, ఆ నీళ్ళు సగం కలిపి గిన్నె నిండా పోసింది. తనే తీసుకెళ్ళి బల్లమీద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడింది.

ఒబాండో గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగాడు. గుటక, గుటక, గుటక. మీసానికి అంటిన ఆకు ముక్క తీసి చూసుకుని, అదీ తిన్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

ఎవులాలియా అతని నోటికేసి చూస్తూనే ఉంది. పదకొండేళ్ళుగా ఊరు ఊరంతా భయపడిన నోరు. లోరెన్సో పొలంలో గొర్రెల్ని తోలిన నోరు. అందులో చేదు తెలిసే చోటే లేదు. పుట్టుకతోనే లేదు. కొందరికి రంగులు కనపడనట్టు ఇతనికి చేదు తెలియదు. అది అతని తప్పు కాదు. తెలిసి తెలిసి కుర్చీలో కూర్చోవడం తప్పు. ఇన్నేళ్ళూ నమిలి ఉమ్మింది రుచి చూసి కాదు, మొహాలు చూసి. ఆపైన ఎర్ర ట్రక్కులో ఎంత చోటుందో చూసి.

"ఉప్పు తెస్తానుండండి ఇంజినీరు గారూ," అంది ఎవులాలియా.

శనివారం ఊట నీళ్ళ వంతు ఆమెది. ఎండాకాలంలో ఆ వంతు తొమ్మిది రోజులకోసారి వస్తుంది. వచ్చినా నాలుగు గంటలే. ఎవులాలియా గొట్టం మూతి బొటనవేలితో నొక్కి బఠానీ మళ్ళకి నీళ్ళు చిమ్ముతోంది. బఠానీ పూత మీద ఉంది, ఒక్క పూట ఆగినా రాలిపోతుంది. పక్క మడిలో బ్రోకలీ ఆకులు దళసరిగా, బూడిద పూసుకున్నట్టు నిలబడ్డాయి. అది మొండిది, ఆగుతుంది. పోయినసారి వంతు కూడా బఠానీకే ఇచ్చింది.

"మేనేజరమ్మకి చెప్పేద్దాం," అంది తొమాసా గట్టుమీద కూర్చుని. "వీడి నోరు చచ్చిపోయిందని."

"చెబితే?"

"ఏముంది, తీసేస్తది."

"ఏమని చెబుతావ్? మా ఇంట్లో కూర చేదైతే ఈయన తిన్నాడమ్మా అనా? నాకు నచ్చింది తిన్నాను అంటాడు. ఆవిడ ఎవరి మాట నమ్ముద్ది? తెల్లచొక్కా మాటా, నీ మాటా?"

తొమాసా గడ్డిపరక నమిలి ఉమ్మింది. "మరి?"

"వాడి నోటితోనే చెప్పించాలి." గొట్టం ఇంకో సాలుకి మార్చింది. "నువ్వో పని చెయ్యి. సోమవారం పొద్దున్న అమిల్కర్ ట్రక్కులోంచి, శనివారం కొని ఇంకా దించనివాటిలోంచి, ఒక పువ్వు తీసుకురా. లావుపాటి కాడ ఉన్నది."

"దొంగతనమా? శ్రమల కాలంలో?"

"మన ఊరి పొలాల్లోదే కదా. ఇంటికి తెచ్చుకుంటున్నాం అనుకో."

తొమాసా గట్టు దిగి దగ్గరికొచ్చింది. "వాడికి అనుమానం రాదా వదినా?"

"దేనికి అనుమానం?" ఎవులాలియా నడుము నిటారుగా చేసుకుంది. "మరియాలకి బుర్ర ఉంటుందని వాడెప్పుడన్నా అనుకున్నాడా?"

సోమవారం మేనేజరమ్మ ఇవోన్ పయిస్ రాజధాని నుంచి తెల్లకారులో దిగింది. పొట్టి జుట్టు, మట్టంటని బూట్లు, చేతిలో రెండు ఫోన్లు. ఎవరికీ శుభోదయం చెప్పలేదు. నాలుగింటికి కంటైనరు కదలాలి, ఎన్ని క్రేట్లు తక్కువున్నాయి అని మాత్రం అడిగింది. ఒబాండో ఆవిడ వెనకే తిరుగుతూ, సరుకు సంగతి సరే, వీళ్ళకి పంట పండించడం రాదు మేడమ్, మొక్కజొన్న తప్ప ఏమీ తెలీదు మేడమ్ అని విన్నవించుకుంటున్నాడు. వరస అంతా వింటోంది. అతను గొంతు తగ్గించలేదు. గొర్రెల ముందు ఎవరు గొంతు తగ్గిస్తారు?

ఎవులాలియా వరసలో మొదట నిలబడింది. వెనక పద్నాలుగు క్రేట్లు. రవిక జేబులో రెండు చిల్లుల కార్డు.

"మేడమ్," అంది, చేతులు ముందు కట్టుకుని, తల కొంచెం వంచి. ఆ వొంచడం ఆమె అద్దం ముందు చూసుకుని మరీ నేర్చుకొచ్చింది. "ఒక మనవి. మాకు చేదేదో తీపేదో తెలీక మీకు చెడ్డ సరుకు తెస్తన్నాం. మీ ముందర ఇంజినీరు గారు ఒక్కసారి మాకు నేర్పితే, మళ్ళీ తేము."

మేనేజరమ్మ ఫోన్లోంచి తలెత్తింది. "మంచి ఆలోచన. దీన్నేదో శిక్షణ కార్యక్రమం అని రాసుకోవచ్చు. ఒబాండో, చెప్పండి వీళ్ళకి. త్వరగా."

ఒబాండో చొక్కా సర్దుకున్నాడు. "దేవుడు కూడా నేర్పలేడు మేడమ్. సరే, కానివ్వండి."

తొమాసా అరటాకు ముక్కమీద అయిదు కాడ ముక్కలు తెచ్చి బల్లమీద పెట్టింది. ఒక్కొక్కటి నాణెమంత, తడితో మెరుస్తున్నాయి.

"అయిదు పొలాలవి ఇంజినీరు గారూ," అంది. "మాకన్నీ ఒకటిలాగే ఉన్నాయి. బుర్రలేనోళ్ళం కదా."

అతను మొదటిది ఎత్తి, అంచు కొరికి, నాలుగుసార్లు నమిలాడు. మేనేజరమ్మ చూస్తోంది కాబట్టి కళ్ళు కూడా మూసుకున్నాడు. ఉమ్మాడు. "చేదు. నీళ్ళ ఎద్దడి." మిగిలిన ముక్క ఆకుమీద పెట్టాడు. రెండోది. "ఇది పర్వాలేదు." మూడోది. "బావుంది. దీన్ని తీపంటారు, చూసుకోండి." నాలుగోది నమిలేటప్పుడు మొహం కొద్దిగా ముడుచుకున్నాడు. ముడత ఎక్కడ రావాలో తెలిసినవాడు. "పురుగు తిన్న మొక్క. చేదు." అయిదోది అంచు కొరికీ కొరకగానే ఉమ్మేశాడు. "విషం. ఈ రైతెవరో కార్డు ఇప్పుడే తీసుకోవచ్చు మేడమ్."

"అయితే కార్డు డాన్ అమిల్కర్ గారిదే తీసుకోవాలి, ఇవి ఆయన ట్రక్కులోవే," అంది తొమాసా.

శాలువా కింద నుంచి పువ్వు తీసింది. కాడ సగం లేని పువ్వు. దాన్ని బల్లమీద పడుకోబెట్టి, ఆకుమీది ముక్కల్ని ఒక్కొక్కటే తీసి ఆ మోడుకి ఆనించింది. అయిదోది, నాలుగోది, మూడోది, రెండోది, మొదటిది. ఏటవాలుగా కోసిన కోతకి కోత అతుక్కుంది. కాడమీది ఊదారంగు చార పువ్వు దగ్గర మొదలై అయిదు ముక్కల మీదుగా చివరిదాకా తెగకుండా సాగింది. మధ్యలో ఒబాండో పళ్ళ గాట్లు మాత్రమే తేడా.

వరసలో ఎవరూ నవ్వలేదు.

"ఒకే కాడ," అంది ఎవులాలియా. తల ఇప్పుడు వంచి లేదు. "అయిదు వేళ్ళంత పొడుగులో చేదు, తీపి, మళ్ళీ చేదు, ఆపైన విషం. ఏ మొక్కండీ ఇది ఇంజినీరు గారూ? దీని పేరు కూడా అనమంటారా?"

ఒబాండో మేనేజరమ్మ వైపు తిరిగాడు. "కాడలో... పైకీ కిందికీ తేడా ఉంటుంది మేడమ్. శాస్త్రీయంగా..."

మేనేజరమ్మ రెండో ముక్క, అయిదో ముక్క తీసుకుంది. ఒకదాని తర్వాత ఒకటి కొరికింది. ఉమ్మడానికి బకెట్ కోసం చూసి, దాని అవతారం చూసి, మింగేసింది.

"రెండూ బావున్నాయి," అంది. గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకోవాలంటే అవతలివాడు మనిషిలా కనపడాలి. గేటు బయట ఎర్ర ట్రక్కు ఇంజను స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆవిడ అటు ఒకసారి, ఒబాండో వైపు ఒకసారి చూసింది. "వెనక గేటు తాళం నాకివ్వండి. మిగతాది రాజధానిలో మాట్లాడుకుందాం."

తొమాసా ఎవులాలియా మోచెయ్యి గిల్లింది. వరసలో అక్కడక్కడా ఊపిరి వదిలిన చప్పుళ్ళు. ఎవులాలియాకి కడుపులో చల్లగా ఉంది. ఆ తెల్లచొక్కా కుర్చీ పట్టుకుని నిలబడ్డ తీరు రోజంతా చూస్తూ ఉండొచ్చనిపించింది.

"కానీ నాలుగింటికి కంటైనరు," అంది మేనేజరమ్మ వాచీ చూసుకుంటూ. "ఇప్పుడు ఎవరు చూస్తారు రుచి? నాకు మూడు మీటింగులున్నాయి." వేలు చాచింది. "నువ్వు. ఇంత తెలివుందిగా. నువ్వే చూడు. ముందు నీ సరుకుతోనే మొదలుపెట్టు, నేను చూస్తాను. అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది, నా నాలుక బాగానే ఉంది."

కుర్చీ ముందుకి జరిపారు. ఎవులాలియా కూర్చోలేదు. తన క్రేటులోంచి పువ్వు తీసింది. నడుము దగ్గరి వొంపు కత్తితో నాణెమంత ముక్క కోసింది. నోటి దాకా తెచ్చి ఆగింది.

ఇంతవరకూ ఆమె బ్రోకలీ నోట్లో పెట్టుకోలేదు.

పదకొండేళ్ళు నారు పోసింది, నాటింది, పురుగు ఏరింది, కోసింది, మోసింది. తినలేదు. ఊళ్ళో ఎవరూ తినలేదు. అది అవతలి దేశాల వాళ్ళ తిండి. ఇక్కడి వాళ్ళు మొక్కజొన్న తింటారు, చిక్కుడు తింటారు, తెల్లావ తింటారు. బ్రోకలీ ఆకులు ఆవుకి, పువ్వు గేటుకి. నా పొలం చేదు కాదు, నా పొలం చేదు కాదు అని రెండు చిల్లులకి రెండు రాత్రులు ఏడ్చిన మనిషి, ఆ మాట ఏం చూసి అందో ఇప్పుడు తనకే తెలియలేదు.

నోట్లో వేసుకుంది.

మొదట ఏమీ లేదు. పచ్చి బఠానీ తొక్కలా నీళ్ళూ, కొంచెం తీపీ. రెండోసారి నమిలింది. మూడోసారికి నాలుక వెనక ఏదో మేలుకుంది. నాలుగోసారికి గొంతు దాకా పాకింది. ఆవఘాటు ముక్కులోకి ఎక్కి కళ్ళు చెమర్చాయి. శుక్రవారం కూర అంత కాదు. కానీ చేదే. ఏ నాలుక ఉన్నవాడైనా చేదనే అంటాడు.

చేతిలోని పువ్వుని తిప్పి చూసింది. మోడు దగ్గర ఆకు తొడిమలకి సన్నని చిల్లులు. పురుగువి. ఆకు నరాలు గట్టిగా, దాహంతో తెల్లబారి ఉన్నాయి. రెండు వంతుల నీళ్ళు, ఎనిమిది గంటల నీళ్ళు, బఠానీ తాగింది. ఆ చచ్చిన నోటివాడు ఏమీ తెలియకుండా, ఎర్ర ట్రక్కు నింపడానికి పుస్తకంలోంచి అప్పజెప్పిన ప్రతి మాటా ఆమె పొలంలో నిజంగా జరిగింది.

"వదినా," అంది తొమాసా పెదాలు కదపకుండా. "సరే అనెయ్యి."

మేనేజరమ్మ ఫోను చూసుకుంటోంది. పద్నాలుగు క్రేట్లలో ఆవిడ ఏ ఒక్కటీ కొరకదు, బూట్లకి మట్టి అంటుతుందని బల్ల దాటి రానిది. సరే అంటే సరిపోతుంది. ఒక్క మాట. కుర్చీ పక్కన ఒబాండో ఎవులాలియా మొహాన్నే చూస్తున్నాడు. మొహాలు చదవడంలో అతనికి పదకొండేళ్ళ అనుభవం ఉంది. మీసం కింద మెల్లగా నవ్వు మొదలైంది.

ఎవులాలియా ఉమ్మింది.

"చేదు," అంది.

వరస మొత్తం ఒక్కసారి కదిలి ఆగింది.

"చూశారా మేడమ్!" ఒబాండో ముందుకొచ్చాడు. "నేను మంగళవారం చెప్పింది అదే. దీని పొలం చేదు. నేను చెప్పింది నిజమే కదా?"

"నిజమే ఇంజినీరు గారూ," అంది ఎవులాలియా. "ఆ సంగతి మీకు తెలీదు, అంతే."

మేనేజరమ్మ చెయ్యి చాచింది. "కార్డు. మూడోది పడాలి కదా నీకు."

"మొదటిది మేడమ్."

"రెండు చిల్లులు కనిపిస్తున్నాయి నాకు."

"అవి ఆయన కొట్టినవి. ఆయన నోట్లో నాలుక లేదని మీరే ఇప్పుడు చూశారు. ఆ రెండూ లెక్కయితే మీరు చూసింది అబద్ధం. మీరు చూసింది నిజమైతే ఇది మొదటిది." కార్డు బల్లమీద పెట్టి, దాని పక్కన తన పువ్వు పెట్టింది. "నాది చేదు. నేనే చెబుతున్నాను. కొరికి చూడండి కావాలంటే. చేదని ఈ గేటులో నిజంగా రుచి చూసి చెప్పింది ఇదే మొదలు."

మేనేజరమ్మ కార్డు చేతిలోకి తీసుకుంది. రాజధాని ఆఫీసుల్లో ఎంతోమందిని మాటలతో పడగొట్టిన మనిషి. ఎదురుగా ఉన్న ఈ నేత రవిక మీద ఏ మాట పనికొస్తుందో వెతుక్కుంటున్నట్టు కనిపించింది. ఫోను మోగింది. ఎత్తలేదు.

"కొత్త కార్డులు ఎక్కడ ఉంటాయి?" అంది చివరికి, ఎవరివైపూ చూడకుండా.

ఒబాండో సొరుగు తెరిచి ఒక కార్డు తీశాడు. ఎవులాలియా పట్టకారు తనే అందుకుని, ఆ కొత్త కార్డు అంచు మీద పెట్టి మొదటి చిల్లు కొట్టింది. ఇనుము బిగువుగా ఉంది, రెండు చేతులూ కావలసొచ్చింది. తన పద్నాలుగు క్రేట్లు ఒక్కొక్కటిగా పక్కకి లాగింది. ఎవరూ సాయం రాలేదు. ఆమె పిలవనూ లేదు. చివరి క్రేటు లాగి, చేతులు లంగాకి తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది.

"తర్వాత," అంది.

తర్వాత తొమాసాది. రావాలి. రాలేదు.

ఎవులాలియా తలెత్తింది. తొమాసా తన క్రేటు ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో కత్తి. కాడ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు ఎటో పెట్టి, చాలా నెమ్మదిగా నములుతోంది. ఆమె వెనక ముసలి ఫెర్మినా తన గోనె తొలగించి పువ్వు బయటికి తీస్తోంది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. రేకుల షెడ్డు కింద గేటు దాకా కత్తులు కాడల్లో దిగుతున్న చప్పుడు. తర్వాత నమిలే చప్పుడు. ఒక్కొక్క మొహమూ ఒక్కొక్కలాగ మారుతోంది.

వరస మధ్యలోంచి ఒకామె నోట్లోది ఉమ్మి లేచింది. నుదుటి పట్టీ తలకి తగిలించుకుని, రెండు క్రేట్లు వీపు మీదికి ఎత్తుకుని, గేటు బయటికి నడిచింది. కాసేపటికి ఇంకొకరు.